పళ్ళెం కింద ఈకలు

"గంటకి ఎన్ని కోళ్ళండీ?" అని అడిగాడు మా ఆయన, దుకాణంలోకి వెళ్ళీ వెళ్ళగానే.

ఈకలు పీకే మిషను కొనడానికి ముగ్గురం వచ్చాం. ఆయన, నేను, మా అత్తగారు. మాది చిన్న కోళ్ళ ఫారం. వారానికి నాలుగు రోజులు కోళ్ళు కోసి, శుభ్రం చేసి, హోటళ్ళకు వేస్తాం. వేసేది ఆయన. వేడినీళ్ళలో ముంచడం, ఈకలు పీకడం, చివరికి గచ్చు కడగడం నేనూ అత్తగారూ. మూడు నెలలుగా నా కుడి మణికట్టు మంచినీళ్ళ గ్లాసు ఎత్తినా వణుకుతోంది. "మిషను వచ్చాక నీకింక పనేముంది, కాలు మీద కాలేసుకుని కూర్చోవడమే" అన్నాడాయన. అందులో వెక్కిరింపు లేదు. నిజంగానే అలా అనుకుంటున్నాడు. నా భయమంతా అదే. దీంతో పదేళ్ళు వేగాల్సింది నేను, చూసి ఎంచుతున్నది ఆయన.

దుకాణదారు మమ్మల్ని పెద్ద మిషను దగ్గరికి తీసుకెళ్ళాడు. స్టీలు డ్రమ్ము, లోపల చుట్టూ రబ్బరు వేళ్ళు, అడుగున గిర్రున తిరిగే పళ్ళెం. వేడినీళ్ళలో ముంచిన రెండు కోళ్ళు అందులో వేసి స్విచ్చి నొక్కాడు. అర నిమిషంలో ఒక్క ఈక లేకుండా బయటికొచ్చాయి. మా ఆయన మొహం వెలిగిపోయింది. పక్కనే అందులో సగం ఉన్న మిషను ఒకటుంది. "అది మీ స్థాయికి సరిపోదండీ" అన్నాడు దుకాణదారు.

నేను కోళ్ళని చూడలేదు. పళ్ళెం సందులోంచి కిందికి జారిపోతున్న తడి ఈకల్ని చూస్తున్నాను. అవి అక్కడే ఉండిపోతే మర్నాటికి కుళ్ళువాసన. హోటలువాళ్ళు సరుకు వెనక్కి పంపితే, కడగడం చేతకాదన్న మాట నాకు. అడుగుదామని నోటిదాకా వచ్చింది. కానీ "మిషన్ల సంగతి నీకేం తెలుసు" అని ఇరవై రెండేళ్ళుగా విని విని, నా మాట దానంతటదే లోపలికి వెళ్ళిపోవడం నేర్చుకుంది.

అప్పుడు ముందుకొచ్చింది మా అత్తగారు. కూరలో ఉప్పెక్కువైతే వీధి చివరిదాకా వినిపించేలా చెప్పే మనిషి. నా పక్షాన ఒక్క మాట అనగా నేనెప్పుడూ వినలేదు.

"బాగుంది నాయనా. ఇప్పుడు దీన్ని కడగాలిగా."

"దానికేముందమ్మా, పైపుతో నీళ్ళు కొడితే సరి. మీ కోడలుగారు చూసుకుంటారు."

"అది ఇంటికెళ్ళాక సంగతి. ఇక్కడ నా కొడుకు కడుగుతాడు. కొనేది వాడేగా."

మా ఆయన నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. "చొక్కా చేతులు మడుచుకోరా."

పైపు పట్టాడు. రెండు నిమిషాల్లో "అయిపోయిందమ్మా" అన్నాడు.

"పళ్ళెం కిందో?"

పళ్ళేనికి ఎనిమిది బోల్టులు. పానా వెతికి ఇచ్చేసరికే దుకాణదారుకి చెమటలు పట్టాయి. ఒక బోల్టు కాలవలో పడింది. పళ్ళెం లేపితే కింద బెల్టు చుట్టూ జడలా అల్లుకుపోయిన ఈకలు. తడి గచ్చు మీద గొంతుకూర్చుని గోళ్ళతో లాగాడు. నలభై నిమిషాలు పట్టింది. ఆయన మీసానికో ఈక అంటుకుంది. ఎవరూ చెప్పలేదు.

చివరికి తలెత్తి నావైపు చూశాడు. "పనయ్యాక రోజూ ఇంత ఉంటుందా?"

"ఉంటుంది. మీరు సరుకు తీసుకుని బయల్దేరాక మొదలవుతుంది."

"ఎప్పుడూ చెప్పలేదే!"

చెప్పాను. లెక్కలేనన్ని సార్లు చెప్పాను. కానీ ఆ క్షణాన దెప్పాలనిపించలేదు. ఆయన నిజంగా అడిగాడు, జవాబు కోసం ఆగాడు. ఆ ఆగడం నాకెంత హాయిగా అనిపించిందో ఆయనకి తెలియదు.

"సరే, ఏది తీసుకుందాం?"

చిన్నదాని ముందు వంగాను. పళ్ళేనికి ఒక్కటే నట్టు, చేత్తోనే తిరిగింది. కింద బెల్టు, గ్రీజు పెట్టే చోటు చేతికి అందుతున్నాయి. "ఇది. రబ్బరు వేళ్ళు ఇంకో ఇరవై విడిగా ఇవ్వండి. ముందు అరిగేవి అవే" అన్నాను. దుకాణదారు ఆయన వైపు చూడకుండానే రాసుకున్నాడు.

తిరిగి వస్తుంటే వ్యానులో అత్తగారి పక్కన కూర్చున్నాను. "మీరే గనక అడగకపోతే, అత్తయ్యా..." అన్నాను.

"నీ కోసమనుకున్నావా? వాడికి చిన్నప్పుడే నేర్పాల్సింది. ఇప్పటికి కుదిరింది" అంది, కిటికీలోంచి బయటికి చూస్తూ. ఆమె మీద నాకున్న కోపాలన్నీ ఆ దారిలోనే పోయాయని చెప్పను. చాలా పోయాయి.

ముందు సీట్లో బండి నడుపుతున్న ఆయన వినే ఉంటాడు. మిషను పెట్టిన మొదటి రోజు, సరుకు ఇచ్చేసి నేరుగా షెడ్డులోకి వచ్చాడు. ప్యాంటు మడుచుకుని, గుమ్మంలోంచి కేకేశాడు.

"బ్రష్షు ఎక్కడుంది?"

తెచ్చి ఇద్దామని లేవబోయాను. మళ్ళీ కూర్చున్నాను. వెతుక్కోనిచ్చాను.