మామిడికి ఆనించిన గొడ్డలి

నేను ఒక గొడ్డలిని. మన్యంలో ఓ కమ్మరి కొలిమిలో ఎర్రగా కాలి, సుత్తి దెబ్బలు తిని పుట్టాను. దెబ్బలు తిని పుట్టినదాని మాట కాస్త కరుకుగానే ఉంటుంది, మన్నించండి.

నన్ను చేయించుకున్నవాడు పాంగి సుక్రన్న. కొండవాలులో పోడు కొట్టుకుని సామలు, చోళ్లు పండించుకునేవాడు. వాళ్ల ఊళ్లో ఓ ఆచారం ఉండేది. పెద్ద చెట్టు ఏదైనా కొట్టాలంటే ముందురోజు సాయంత్రం గొడ్డలిని దాని మొదలుకు ఆనించి ఇంటికి వెళ్లిపోవాలి. తెల్లారేసరికి గొడ్డలి నిలబడే ఉంటే చెట్టు సరేనన్నట్టు. కింద పడి ఉంటే వద్దన్నట్టు. ఇక ఆ చెట్టు జోలికి ఎవరూ పోరు. అంటే చెట్టు తరఫున మాట చెప్పేదాన్ని నేనే. ఏ ఎలుకో తగిలితే ఆ మాట మారిపోయేదనుకోండి, అది వేరే సంగతి. నాకు మాత్రం గర్వంగానే ఉండేది.

తర్వాత తెల్లదొర వచ్చాడు. కొండ మీద కాఫీ తోట వేస్తానన్నాడు. కొండ సర్కారుదట, సర్కారు దాన్ని దొరకు ఇచ్చేసిందట. పోడు పోయింది. పోడు పోయినవాళ్లే కూలికి వచ్చి అడవి కొట్టాలి, గొడ్డళ్లు కూడా ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి. ఇంతా చేసి కాఫీ మొక్కకు నీడ కావాలట! ఉన్న నీడంతా కొట్టించేసి, నీడ కోసం ఎక్కడి నుంచో తెచ్చిన మొక్కలు నాటించాడు ఆ మహానుభావుడు.

కొట్టుకుంటూ కొట్టుకుంటూ సుక్రన్న ఇంటి మామిడి దాకా వచ్చారు. వానాకాలంలో గింజలు నిండుకున్నాక ఆ చెట్టు టెంకలు పగలగొట్టి, లోపలి జీడితో కాచిన అంబలే వాళ్ల ప్రాణం నిలబెట్టేది. పోడు పోయాక మరీను. అతని ముసలితల్లి దాలమ్మకైతే వేరే ఆధారమే లేదు.

"ఈ సెట్టొక్కటీ ఒగ్గేయండి బాబూ," అని సుక్రన్న బతిమాలాడు.

"రేపు పొద్దున్నే మొదలెట్టు," అన్నాడు పల్లం నుంచి వచ్చిన మేస్త్రీ.

సుక్రన్న నన్ను మామిడికి ఆనించి వెళ్లాడు.

పడిపోవాలని ఎంత కోరుకున్నానో! గాలి లేదు. ఒక్క ఎలుకైనా అటు రాలేదు. కోడి కూసే వేళకు దాలమ్మ వచ్చింది. అటూ ఇటూ చూసి, చేత్తో నెమ్మదిగా నన్ను పక్కకు తోసింది. వెనకాలే వస్తున్న సుక్రన్న అది చూసి తుప్పల చాటున ఆగిపోయాడు.

మేస్త్రీ రాగానే సుక్రన్న చెప్పాడు. "గొడ్డలి పడిపోనాది బాబూ. సెట్టు ఒద్దంటంది."

మేస్త్రీ పగలబడి నవ్వాడు. నన్ను తీసి మళ్లీ చెట్టుకు ఆనించాడు. "ఇదిగో, నిలబడింది. సరేనందిలే, కొట్టు."

సుక్రన్న చేతులు కట్టుకున్నాడు, నన్ను ముట్టలేదు. మేస్త్రీ నన్ను ఇంకో కూలీ చేతికిచ్చాడు. మధ్యాహ్నానికి మామిడి కూలింది. నా పదును మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు.

ఆ వానాకాలం ఆ ఇంట్లో టెంకలు లేవు. దాలమ్మ మంచం పట్టింది.

"సెట్టు పేరు సెప్పి అబద్దమాడినాను కొడకా. గొడ్డలి నానే తోసినాను. అందుకే సెట్టు పోనాది," అని ఏడ్చింది.

"నాను సూసినానమ్మా," అన్నాడు సుక్రన్న. "నువ్వు సెయ్యేసేలోగానే అది పడిపోనాది."

వానలు వెలిసేదాకా ఆమె ఉండలేదు.

ఇప్పుడు నేను కాఫీ తోటలు చూడవచ్చేవాళ్ల కోసం పెట్టిన ప్రదర్శనశాలలో, గోడకు వేలాడుతున్నాను. 'అడవులు నరకడానికి గిరిజనులు వాడిన గొడ్డలి' అని నా కింద రాశారు. దొర పేరు లేదు. జనం అది చదివి, కాఫీ తాగి వెళ్తుంటారు.

సుక్రన్న బతికున్నన్నాళ్లూ తోటలో పని ముగించుకుని, ఇంటికెళ్లేముందు నన్ను ఆ మామిడి మోడుకు ఆనించి చూసేవాడు. మోకాలెత్తు మోడు. ప్రతిసారీ పడిపోయేదాన్ని.