తోడు మాత్ర

కత్తెర చప్పుడు వినగానే అక్క చేతిలోని పాలగిన్నె జారబోయింది. మామూలు చప్పుడు కాదు, దళసరి గుడ్డ కరకరా తెగుతున్న చప్పుడు! ఒక్క ఉరుకున కుట్టుగదిలోకి వచ్చి చూస్తే, చెల్లెలు పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని, బల్ల మీదికి వంగి, ఎవరో కుట్టమనిచ్చిన గళ్ళ కోటు గుడ్డ కత్తిరిస్తోంది. చలికాలమంతా మంచం దిగని చెల్లెలు! తల దువ్వుతానంటేనే గోడవైపు తిరిగి పడుకున్న మనిషి!

అక్కకి కాళ్ళు నేల మీద నిలవలేదు. వంటింట్లోకి పరిగెత్తి, ఎందుకొచ్చిందో మరిచిపోయి, మళ్ళీ గుమ్మందాకా వచ్చి తొంగిచూసింది. అంతా జింకు మహిమే! రక్తపరీక్షలో జింకు తక్కువగా ఉందని, డిప్రెషన్‌కి వాడుతున్న మాత్రతో పాటు అది కూడా వేసుకోమని డాక్టరమ్మ కిందటి నెల రాసింది. ఈ బుల్లి మాత్ర ఇంట్లో అడుగుపెట్టాకే కదా పిల్ల లేచి కూర్చుంది!

ఎంతైనా కుట్టుపని చేసే బుర్ర. పక్కా కుట్టు పడ్డాక, అంతదాకా గుడ్డ కదలకుండా వేసిన కచ్చా కుట్టు పీకేయడం అక్కకి చిన్నప్పటినుంచీ చేతికి పట్టిన అలవాటు. అందుకని పాత మాత్రని డబ్బాలోనే వదిలేసి, జింకు ఒక్కటీ మంచినీళ్ళతో పట్టుకెళ్ళింది.

చెల్లెలు నోట్లో సూదులు తీసి చూసింది. "ఇంకోటేది?"

"ఇంకా ఎందుకే? పక్కా కుట్టు పడిందిగా, కచ్చా కుట్టు పీకేశా!"

"ఎవర్నడిగి పీకావక్కా?" కత్తెర ఠపీమని బల్ల మీద పడింది. "డాక్టరమ్మ జింకుని పాత మాత్రకి తోడుగా వేసుకోమంది గానీ దానికి బదులు వేసుకోమందా? ఏది ఎంత పనిచేసిందో చెప్పలేనని ఆవిడే అంటే, నీకు తెలిసిపోయిందా? ఉన్నట్టుండి మానేస్తే మళ్ళీ మొదటికొస్తుందని నీ ముందేగా చెప్పింది!"

ఎన్నాళ్ళయింది ఈ నోరు విని! ఎంత పని చేయబోయానని లెంపలేసుకుంది గానీ, తిట్లు తింటున్న అక్క మొహం చేటంతైంది.

"నవ్వుతావేంటి? ఆ మాత్ర ఇలా తే. నాకు మళ్ళీ ఆ మంచం ఎక్కాలని లేదు. నాకు బతకాలనుందక్కా."

ఇన్నాళ్ళూ ఆ మాత్ర మింగించడానికి అక్క బతిమాలని రోజు లేదు. ఇవాళ చెల్లెలే చెయ్యి చాపింది.

అక్క డబ్బా కోసం పరిగెత్తింది. ఏడుపొస్తోంది, నవ్వొస్తోంది, డబ్బా మూత మాత్రం ఎంత తిప్పినా రావడం లేదు.