జామపిప్పి పొడి

పటాన్‌చెరు పళ్లరసం ఫ్యాక్టరీ గేటు పక్కన గుట్టలుగా కుళ్లిపోయే జామపిప్పిలోని పీచు పేగువాపును తగ్గిస్తుందని మొదట చెప్పింది నేనే. 1997లో ఆ మాటకు మా ల్యాబులో అందరూ నవ్వారు. నేను పట్టు వదల్లేదు. పిప్పిని కడిగి, నీడలో ఎండబెట్టి, పొడి కొట్టాను. పేగులు వాచిన పన్నెండు ఎలుకల్లో ఆరింటికి ఆ పొడి కలిపిన మేత, ఆరింటికి మామూలు మేత పెట్టే పని బాలమణికి అప్పగించాను. కొండాపూర్ నుంచి రోజూ బస్సులో వచ్చి ఎలుకల గది చూసుకునేది ఆమే.

మూడు వారాలకు పన్నెండూ కోలుకున్నాయి. తేడా లేకపోతే రుజువే లేదు. నాకు ఒళ్లు మండింది.

"అన్నిటికీ పొడి పెట్టావా?"

"పెట్టిన మేడం," అంది తల దించకుండా. "బంతిల సగం మందికి వడ్డించి, సగం మందిని సూసుకుంట కూసోబెడ్తరా? మా ఇంట్ల గట్ల జెయ్యం."

అదే జబ్బున్న మరో పన్నెండు ఎలుకలు తెప్పించి, ఈసారి పొడి డబ్బాకు తాళం వేసి మేత నేనే పెట్టాను. పొడి తిన్న ఆరింటికి నెత్తురు విరేచనాలు ఆగాయి. తిననివాటికి ఆగలేదు. నవ్వినవాళ్లే వచ్చి మెచ్చుకున్నారు. గర్వంతో నా కాళ్లు నేల మీద నిలవలేదు. ఫలితాల కాగితం పట్టుకుని నేరుగా ఎలుకల గదికి వెళ్లాను.

"గెలిచాం బాలమణీ."

ఆమె కొంగుతో తుడుచుకున్న చెయ్యి నా ముందు చాపింది.

"ఇగ తాళంచెవి ఇయ్యుండ్రి మేడం. ఆ ఆరు ఇంకా బంతిలనే కూసున్నయ్."