కంట్లో మచ్చ

"నీ చెయ్యి పడింది చూడు, తీసెయ్."

పదకొండేళ్ళుగా మా ఇంట్లో రోజూ వినపడే మాట ఇది. మా ముందుగది ఆయన స్టూడియో. జనం తమ కుక్కల్నీ పిల్లుల్నీ ముస్తాబు చేసి తెస్తారు. నేను మోకాళ్ళ మీద కూర్చుని, గడ్డం కింద చెయ్యి పెట్టి వాటి తల నిలబెడతాను. ఆయన నా నెత్తి మీదుగా మీట నొక్కుతారు. "ఇటు చూడమ్మా, బంగారుతల్లీ" అనేది కుక్కని. "జరగవే, అడ్డం" అనేది నన్ను. తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని నా చేతిని నేనే చెరిపి, ఆ ఖాళీలో వెంట్రుక పక్కన వెంట్రుక అతికిస్తాను. నడుం పట్టేసిందంటే అత్తగారు, "కూర్చుని బొమ్మలు చూసుకునేదానికి నొప్పులేమిటే, విడ్డూరం!" అంటారు. అదంతా నాకు కాలక్షేపమని ఆయన నలుగురిలో చెబుతారు.

నెలకోసారి ఫోటోగ్రాఫర్ల సంఘంలో ఒకరి ఫోటోలు ఒకరు తెర మీద వేసుకుని తప్పులెంచుతారు. ఎంచే పెద్దాయన పేరే తప్పుల తాతయ్య. నిన్న సాయంత్రం మా వీధి టైలర్ గారి ముసలికుక్క ఫోటో తెర మీదికొచ్చింది. నేను వెనక వరసలో, కెమెరా సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

"తీసినవాడి కన్నా దిద్దినవాడు ఘనుడయ్యా," అన్నాడు తాతయ్య.

మా ఆయన గొంతు సవరించుకున్నారు. "రెండూ నేనే సార్."

"అలాగా! మరి కుక్క నిన్ను చూడ్డం లేదే? ఆ కన్ను పెద్దది చెయ్యండి."

తెర నిండా కన్ను. నల్లటి నీళ్ళలాంటి ఆ గుడ్డులో కిటికీ వెలుగు, ఆ వెలుగులో మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి చాచిన ఒక ఆడమనిషి. ఇన్నేళ్ళూ చేతులే చెరిపాను, కళ్ళలో వెతుక్కోవాలని తోచలేదు.

"ఎవరయ్యా ఈవిడ?"

ఆయన వెనక్కి తిరిగి కూడా చూడలేదు. "పట్టుకోడానికి పెట్టుకున్న మనిషి సార్. ఆ మచ్చ తీసేయిస్తాను."

"తీసేయిస్తావా? రెండూ నువ్వే అన్నావుగా!"

హాలంతా నవ్వు. తాతయ్య మాత్రం నవ్వలేదు. "ఆ మచ్చ తీస్తే కన్ను చస్తుంది. ఇక మిగిలేది బొచ్చే."

దారి పొడుగునా ఆయన తాతయ్యని తిట్టారు. గుమ్మంలో చెప్పులు విప్పుతూ, "పొద్దున్నే ఆ మచ్చ తీసి పంపు. సంఘం వాళ్ళు ప్రదర్శనలో పెడతారు," అన్నారు. పెట్టుకున్న మనిషి అన్నదాని గురించి ఒక్క ముక్క లేదు. నేనూ అడగలేదు. అడిగితే, "ఊరికే నోటికొచ్చిందానికి ఇంత రాద్ధాంతమా?" అంటారు.

పొద్దున కూర్చున్నాను. కంట్లోంచి నన్ను చెరిపాను. కుక్క నిజంగానే చచ్చిపోయింది, కన్నున్న చోట చొక్కా గుండీ మిగిలింది. మళ్ళీ తెచ్చాను. ఆ ముసలిది గడ్డం బరువంతా నా అరచేతిలో వదిలేసి ఎంతసేపు చూసిందో! ఈ ఇంట్లో నన్నంతసేపు చూసినవాళ్ళు లేరు.

దిద్దకముందటి ఫోటో తెరిచాను. గోరు విరిగిన నా చెయ్యి గడ్డం కింద అలాగే ఉంది. అదే పంపించేశాను.

పెట్టుకున్న మనిషి. ఆ మాటని అటూ ఇటూ తిప్పి చూశాను. పెళ్ళానికి లేని సౌకర్యం ఒకటి ఆ మనిషికి ఉంది. పని మానేయొచ్చు.

కెమెరా సంచీ ఖాళీ చేసి నా బట్టలు కుక్కుకున్నాను.

లోపల్నుంచి కేక వచ్చింది. "ఏమే, మచ్చ పోయిందా?"

"పోతోంది," అన్నాను, చెప్పులు వేసుకుంటూ.