గమనిక గడిలో చుక్క

ఆరు నెలలైనా ఆఫీసులో అందరికీ ఆమె ఇంకా కొత్తమ్మాయే. ఉద్యోగం పర్మనెంటు అవుతుందో లేదో శుక్రవారం తేలుతుంది. ఇంట్లో నాన్నకు మాత్రం అయిపోయినట్టే చెప్పేసింది. ఆలూ లేదు చూలూ లేదన్నట్టు, ఆయన అప్పుడే చుట్టాలందరికీ ఫోన్లు చేసేశారు.

మందుల గోడౌన్ నడిపే ఆ కంపెనీలో సాయంత్రం నాలుగింటికి కొత్త సాఫ్ట్‌వేర్ వెర్షన్ ఎక్కించాలి. ఆలోగా పనికిరాని గడులన్నీ తీసేయడం కొత్తమ్మాయి పని. ముప్పై తొమ్మిది తీసేసింది. నలభయ్యోది, సరుకు ఫారంలో ‘గమనిక’ అనే గడి, ససేమిరా అంది. ఎన్నిసార్లు నొక్కినా ఒకటే ఎర్రక్షరాల మాట: ‘తొలగించడం కుదరదు. దీనిపై మరొకటి ఆధారపడి ఉంది.’ ఆ మరొకటేమిటో చెప్పదు, పేరుకు బదులు బారెడు నంబరు చూపిస్తుంది.

గడి తెరిచి చూస్తే వేల వరుసలు ఖాళీ. అక్కడక్కడా ఒక చుక్క. ఎవరో చెయ్యి జారి కొట్టిన చెత్త అనుకుంది. డేటాబేసులోకి దొడ్డిదారిన వెళ్ళి పీకేస్తే పీడా పోతుంది. ఆ ఆదేశం టైపు చేసి, ఎంటర్ మీద వేలు కూడా పెట్టింది.

“ఆగమ్మా. ఎందుకు పోనంటోందో అడిగావా?”

పక్క సీటు బాబాయి. ఎదురుగా అందరూ బాబాయ్ అంటారు, వెనక మాత్రం నత్త అంటారు.

“అడగడానికి అదేమైనా మనిషా బాబాయ్? రెండు దాటింది.”

“మొండికేసిందంటే దాన్ని పట్టుకుని ఎవరో వేలాడుతున్నట్టు. ముందు వాళ్ళెవరో చూద్దాం.”

ఆయన నంబరును కాగితం మీద రాసుకుని, వెతకడం మొదలుపెట్టారు. ఫారాల్లో లేదు. రిపోర్టుల్లో లేదు. కొత్తమ్మాయి గడియారం చూస్తూ పళ్ళు నూరుతోంది. చివరికి రూల్స్ జాబితాలో, అట్టడుగున దొరికింది. ‘గమనికలో ఏదైనా ఉంటే ఆ పెట్టెను లారీకి ఎక్కించకు.’ ఆ రూలు రాసినతను ఉద్యోగం మానేసి ఏళ్ళయింది.

ఇద్దరూ కింద గోడౌన్‌కు వెళ్ళారు. ప్యాకింగ్ చేసే అక్క చేతిలో పని ఆపకుండానే చెప్పింది.

“సీలు మీద అనుమానమొస్తే చుక్క పెడతామమ్మా. కథంతా రాస్తూ కూర్చుంటే పని సాగదుగా. పెట్టేశాక ఇంక ఆ పెట్టె వంక చూడం. పైన మీరు చూసుకుంటారుగా!”

పైన ఎవరూ చూసుకోవడం లేదు. చూస్తున్నది ఆ ఒక్క రూలే. ఆరోజు రెండు చుక్కలున్నాయి. రెండూ పసిపిల్లల జ్వరం మందు పెట్టెలు.

బాబాయి ‘సీలు అనుమానం’ అని కొత్త గడి పెట్టించారు. పాత చుక్కలన్నీ అందులోకి మార్పించారు. రూలును దాని వైపు తిప్పించి, ఒక పెట్టె మీద పరీక్షించి, ఆగిందని చూశాకే తొలగించమన్నారు. ఈసారి గమనిక గడి కిక్కురుమనకుండా పోయింది. నత్త అని నవ్విన వాళ్ళలో తనూ ఉన్నందుకు ఆమెకు సిగ్గేసింది. ఇంత పనితనం పక్క సీట్లో పెట్టుకుని ఆరు నెలలు ఏం చూసినట్టు?

నాలుగూ నలభైకి మేనేజరు ఊడిపడ్డాడు. “ఎవరి వల్ల ఆలస్యం?”

బాబాయి నోరు తెరవబోయారు.

“నా వల్లేనండి. బలవంతంగా పీకేయబోయాను, బాబాయి ఆపారు,” అంటూ ఆమె రెండు పెట్టెల సంగతీ చెప్పేసింది.

మేనేజరు ఆ రూలును రెండుసార్లు చదివాడు. “వెర్షన్ రేపు ఎక్కిద్దాం. నీ పర్మనెంటు కాగితం తెచ్చివ్వు, సంతకానికి శుక్రవారం దాకా ఎందుకు?” అని వెళ్ళిపోయాడు.

సంతోషపడాల్సిన అమ్మాయి కుర్చీలో కూలబడింది.

“బాబాయ్, నేను ఎంటర్ నొక్కేసి ఉంటే ఏమయ్యేది?”

ఆయన కళ్ళజోడు తుడిచి పెట్టుకున్నారు.

“ఏమీ అయ్యేది కాదమ్మా. ఒక్క ఎర్రక్షరం కూడా కనిపించేది కాదు. లారీ టైముకి బయల్దేరేది.”