గీటురాయి మీద వడగళ్ళు

బేస్తవారిపేటలో ఆ పొద్దున కూడా సుచరిత ఎప్పటిలాగే బర్రె పాలు పిండి, వాకిలి ఊడ్చి, వసారాలో ఆరబోసిన మిరపకాయలను గోతానికెత్తి లోపల పెట్టింది. ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. అయినా నగలు చూడ్డానికి ఆచారి వస్తున్నాడంటే ఆ చుట్టుపక్కల ఎవరైనా ముందు ఆరబెట్టినవి ఎత్తేస్తారు. బంగారాన్ని గీటురాయి మీద గీస్తే, దాన్ని ఒకరు మనసారా ఇంకొకరి ఒంటిమీద వేసిన రోజు ఎట్లా ఉండిందో, ఆ ఎండో ఆ వానో కాసేపు ఇంట్లోకి వచ్చి పోతుంది.

అత్త పిచ్చమ్మ కన్నుమూసి నెల దాటింది. నగలు విలువ కట్టించి పంచుకుందామని పెద్దకొడుకు కోటేశ్వరరావు మార్కాపురం నుంచి, కూతురు ప్రసన్న గిద్దలూరు నుంచి వచ్చారు. చిన్నకొడుకు వంశీ భార్య సుచరిత. పిల్లల్లేరు. వంశీ లారీ బోల్తాపడి పోయినాక ఆమె అత్త దగ్గరే ఉండిపోయింది. చూపు మందగించిన ముసలామెకు అన్నం కలిపి పెట్టింది, తల దువ్వింది, ఎండ పొద్దుల్లో అరుగు మీదికి చెయ్యి పట్టి నడిపించింది.

పంపకాలయ్యాక ఇల్లు అమ్మేయాలని, సుచరిత పొదిలిలో వాళ్ళన్న దగ్గరికి పోవాలని కోటేశ్వరరావు అనుకున్నాడు. చెడ్డవాడేం కాదు. అమ్మ నీకంటూ ఏదన్నా ఇచ్చి ఉంటే నేను అడ్డం చెప్పేవాణ్ణి కాదమ్మా అని ముందురోజే నెమ్మదిగా చెప్పాడు. సుచరిత తల వంచుకుని చాటలో కందులు చెరుగుతూనే ఉంది. అన్న ఇంట్లో తను ఎక్కడ పడుకోవాలో ఆమెకు తెలుసు. బియ్యం బస్తాల పక్కన.

వీరాచారి వచ్చి చాప మీద కూర్చుని, కళ్ళజోడు తుడుచుకుని, ముందు కాసులపేరు గీశాడు. ఇల్లంతా మంచు కమ్మింది. ప్రసన్న కొంగు భుజాల చుట్టూ లాక్కుంటూ, ఇది అమ్మమ్మ వేసి ఉంటుందని అంది. కమ్మలు గీస్తే ఎర్రదుమ్ము లేచింది. ఆచారి తువ్వాలు ముక్కుకు కట్టుకుని పని కానిచ్చాడు. తర్వాత గొలుసు. అది కోటేశ్వరరావు తల్లికి చేయించి, ఊరికొచ్చే ఎవరి చేతనో పంపింది. గీస్తే ఏమీ రాలేదు. ఆచారి మళ్ళీ గీశాడు. గాలైనా కదల్లేదు.

"బంగారం మంచిదే నాయనా" అన్నాడు ఆచారి. కోటేశ్వరరావు కిటికీలోంచి బయటికి చూశాడు.

చివరికి గాజులు మిగిలాయి. వాటిని గీయగానే గదిలో చీకటి పడింది. తడిమట్టి వాసన కొట్టింది. దూలాల కిందినుంచి ఒక వడగల్లు రాలి చాప మీద పడింది. ఆ వెంటనే గంపతో కుమ్మరించినట్టు పడ్డాయి. ఇత్తడి బిందెలు గణగణ మోగాయి. ఆచారి త్రాసును ఒళ్ళో దాచుకున్నాడు.

ఆ వాన ఏ రోజుదో అందరికీ తెలుసు. వంశీ పెద్దదినం నాటిది. ఆ రోజు ఆడవాళ్ళు సుచరితను గాజులు తీయించడానికి పెరట్లోకి తీసుకుపోయారు. మట్టిగాజులు పగలగొట్టడం అయ్యీ కాకముందే వడగళ్ళు విరుచుకుపడితే అందరూ చూరు కిందికి పరిగెత్తారు. పిచ్చమ్మ ఒక్కతే కదల్లేదు. నెత్తిన రాళ్ళు పడుతుంటే తన చేతి గాజులు తీసి కోడలి చేతులకు ఎక్కించి, ఆ చేతులను తన కొంగులో దాచింది.

"నీకేసిందా అమ్మ?" అని అడిగాడు కోటేశ్వరరావు.

"వేసింది బావా. సాయంత్రమే తీసిచ్చినా. నలుగురూ నాలుగు మాటలంటారని."

"మాకెందుకు చెప్పలేదు?"

"తిరిగిచ్చినదాన్ని ఏమని చెప్పేది?"

అతను ఒక వడగల్లు తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. అది కరిగిందాకా దాన్నే చూశాడు.

"ఆచారీ, ఇవి పంపకంలో కలపొద్దు. ఎప్పుడో ఇచ్చేసినవి" అన్నాడు.

ప్రసన్న గాజులు తుడిచి వదిన చేతులకు వేసింది. సుచరిత వాటిని కాసేపు చూసుకుంది. పుట్టి బుద్ధెరిగినాక ఎవరినీ ఏదీ కావాలని అడిగిన మనిషి కాదు. ఇప్పుడు అడిగింది.

"బావా, వీటిని నువ్వే తీసుకో. ఇల్లు నాకియ్యి."

కోటేశ్వరరావు చెల్లెలి వైపు చూశాడు. నేనొస్తే తలుపు తీసే మనిషంటూ ఉండాల గదన్నా అంది ప్రసన్న.

"గాజులు ఉంచుకో తల్లీ" అన్నాడతను. "ఇల్లు అమ్మను. కరెంటు మీటరు కాడ్నించి అన్నీ నీ పేరుకు మార్పిస్తా."

వాన వెలిసింది. బయట ఎండ అట్లాగే కాస్తోంది. సుచరిత కరగని వడగళ్ళను గిన్నెలోకి ఏరి, మజ్జిగ చిలికి, అందులో వేసి అందరికీ ఇచ్చింది. కోటేశ్వరరావు కళ్ళు మూసుకుని తాగి, ఇంకో గ్లాసు అడిగాడు. ఆమె చెంబు వంచింది. గాజులు దాని అంచుకు తగిలి చిన్నగా మోగాయి. తన చేతుల చప్పుడు తను విని ఎన్నేళ్ళయిందో. సుచరిత గ్లాసు నిండినా వంచుతూనే ఉంది.