ముప్ఫై ఒకటో పేరా

"అక్కా, ఆ కత్తి గేటు దగ్గరే లాక్కుంటారు. ఎందుకు మోసుకొస్తున్నావ్?" అన్నాడు తోంబోంగ్.

"టాక్సీ డ్రైవరుకిచ్చి లోపలికొస్తాలే," అంది సిర్రా. "సైదీల పక్కన కూర్చునేటప్పుడు చేతిలో ఏదో ఒకటి ఉండాలని మా అమ్మ చెప్పింది. అన్నం గిన్నె ఎత్తుకుపోతారట."

తోంబోంగ్ పగలబడి నవ్వాడు. అతని ఇంటిపేరు సైదీలకూ ఆమె ఇంటిపేరు సన్నేలకూ మధ్య ఈ వేళాకోళం తాతల నాటిది. ఎవరు ఎంత మాటన్నా రెండోవాళ్ళు నొచ్చుకోకూడదు. "మీ సన్నేలు మా తాత గాడిదలు కాసినవాళ్ళు. నీ తరఫున వాదిస్తున్నానని తెలిస్తే ఆయన సమాధిలోంచి లేచొచ్చి నన్ను తంతాడు."

అతను లాయరు. ఆమె మడ అడవుల్లో ఆల్చిప్పలు ఏరి, కత్తితో తెరిచి, మాంసం ఎండబెట్టి అమ్ముకునే మనిషి. ఆ ఉదయం బంజుల్ నగరంలో, ఖండం మొత్తానికీ ఉన్న మానవ హక్కుల కమిషన్, సిర్రా వాళ్ళ దేశం పంపిన నివేదిక మీద చర్చ జరపబోతోంది. మంత్రి స్వయంగా బలగంతో వచ్చాడు. ఆ తర్వాత మూడు నిమిషాలు తోంబోంగ్ మాట్లాడాలి. సిర్రా పక్కన కూర్చోవాలి. చూపించడానికి ఆమె ఎడమచేయి ఉంది. దాని రెండు వేళ్ళు మధ్యలో విరిగి, వంకరగా అతుక్కున్నాయి.

టాక్సీ బకావు చేపల బజారు దాటగానే తెల్ల పికప్ ఒకటి అడ్డంగా వచ్చి ఆగింది. నలుగురు దిగారు. చేతుల్లో ఇనుప కడ్డీలు. టాక్సీ డ్రైవరు తలుపు తీసుకుని బజారు వైపు పరుగు తీశాడు. ఒకడు అద్దం పగలగొట్టి, తోంబోంగ్‌ను కాలరు పట్టి బయటికి ఈడ్చాడు. మొదటి దెబ్బ మోచేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు సిర్రాకు స్పష్టంగా వినిపించింది. రెండో దెబ్బ ముఖం మీద.

"పద్దెనిమిదేళ్ళు చదివావుగా లాయరూ, చదువు ఏదీ? తియ్, బయటికి తియ్!" అంటున్నాడొకడు, కొడుతూనే.

సిర్రా రెండో తలుపులోంచి దిగి చుట్టూ తిరిగి వచ్చింది. ఆమె అరవలేదు. తోంబోంగ్ ఛాతీ మీద మోకాలు పెట్టినవాడి తొడలో గుల్లల కత్తి దించింది. ఏళ్ళ తరబడి ఆల్చిప్పల నోళ్ళు తెరిచిన చేయి అది. కత్తి పిడిదాకా దిగింది. వాడు మేకలా అరిచాడు. ఇంకొకడు ఆమె వీపు మీద కడ్డీతో కొట్టాడు. ఆమె బోర్లా పడి, లేచి, వాడి చెవి పళ్ళతో పట్టుకుంది. అప్పటికి చేపలమ్మే ఆడవాళ్ళు రాళ్ళు, పళ్ళేలు తీసుకుని కేకలు వేస్తూ వస్తున్నారు. మిగతా ముగ్గురూ కత్తి దిగినవాణ్ణి ఎత్తుకుని పికప్ ఎక్కి పోయారు. తోంబోంగ్ సంచీ కూడా తీసుకుపోయారు. అతను రాసుకున్న ఉపన్యాసం అందులోనే ఉంది.

తోంబోంగ్ ఎడమ కంటి స్థానంలో రక్తపు ముద్ద తప్ప ఏమీ కనిపించడం లేదు.

"ఆసుపత్రికి పోదాం, తమ్ముడూ."

"నన్ను ఈ చేపలమ్మేవాళ్ళు తీసుకెళ్తారు. నువ్వు అక్కడికి పో." నోట్లోంచి రక్తం ఉమ్మి మళ్ళీ అన్నాడు. "నువ్వు కూడా నా మంచం పక్కన కూర్చుంటే వాళ్ళు అనుకున్నది అయిపోయినట్టే. పో అక్కా. దండం పెడతా."

చేపల వ్యానులో ఐస్ పెట్టెల మధ్య కూర్చుని ఆమె సభకు వెళ్ళింది. గేటు దగ్గర కాపలావాళ్ళు ఆమె బట్టల మీది రక్తం చూసి ఆపేశారు. లోపలి నుంచి న్దెయ్ అనే బంజుల్ లాయరు, తోంబోంగ్ స్నేహితురాలు, పరుగున వచ్చి ఆమెను తీసుకెళ్ళింది. ముఖం కడిగి తన తలగుడ్డ విప్పి ఆమె భుజాల మీద కప్పింది.

సభామందిరంలో చల్లగా ఉంది. మంత్రి చదువుతున్నాడు. కొత్త బడులు, మహిళలకు రుణాలు, పోలీసులకు శిక్షణ తరగతులు. ముప్ఫై ఒకటో పేరా దగ్గర మంచినీళ్ళు తాగి గొంతు సవరించుకున్నాడు.

"తీర ప్రాంతంలో ఇసుక రవాణాను అడ్డుకున్న అలజడి సందర్భంగా, ఇద్దరు పౌరులు భయంతో మడ కాలువలోకి దూకి ప్రమాదవశాత్తూ మరణించారు. భద్రతా దళాలు పూర్తి సంయమనం పాటించాయి."

మంత్రికి కుడివైపు మూడో కుర్చీలో కర్నల్ ఫాబురే కూర్చుని ఉన్నాడు. సూటు వేసుకున్నాడు. సూటులో అతను బ్యాంకు ఉద్యోగిలా ఉన్నాడు. కానీ ఆ చేతులు సిర్రాకు తెలుసు.

నిరుడు, ఊరి ఇసుక తిన్నెలు తవ్వుకుపోతున్న లారీలకు అడ్డంగా ఊరంతా రోడ్డు మీద కూర్చున్న రోజు అది. సైనికులు వచ్చారు, కాల్చారు. చెదిరిన జనంలోంచి తొమ్మిది మంది మగవాళ్ళనూ, సైనికుడి చేయి కొరికినందుకు సిర్రానూ బ్యారక్కు గోడౌనుకు తీసుకుపోయారు. ఆ తొమ్మిది మందిలో ఒకడైన ఆమె తమ్ముడు నూహాను మణికట్లు కట్టి దూలానికి వేలాడదీశారు. ఫాబురే చొక్కా విప్పి మేకుకు తగిలించి, లారీ ఇంజన్ బెల్టు చేతికి చుట్టుకున్నాడు. నాయకుడెవరని ఆమెనడిగాడు. ఆమె చెప్పలేదు. ఆమె చేతిని ఇనుప తలుపు సందులో పెట్టి, తలుపు వేశాడు. అప్పుడు నూహా పైనుంచి అన్నాడు, "నేనే నాయకుణ్ణి. అక్కనొదిలెయ్." అతను నాయకుడు కాడు. పడవలకు రంగులు వేసేవాడు. మధ్యాహ్నం ప్రార్థన పిలుపు వినిపించేదాకా కొట్టారు. తర్వాత బెల్టు చప్పుడు మారిపోయింది, తడి గోనెను కొట్టినట్టు. అతను పోయాడని అందరికంటే ముందు ఆమెకే తెలిసింది. మిగతా ఎనిమిది మందినీ అలాగే చంపి, తొమ్మిది శవాలనూ గోనె సంచుల్లో మడలోకి ఈడ్చుకుపోయారు. ఆమెను మాత్రం ఊళ్ళో చెప్పుకోమని వదిలేశారు.

"మాట్లాడాల్సిన లాయరు రాలేకపోయాడు. ఆయన బదులు సిర్రా సన్నే," అని పిలిచారు.

ఆమె తన భాష మండింకాలో మాట్లాడుతుంటే న్దెయ్ ఇంగ్లీషులో చెప్పాలి. సిర్రా మైకు దగ్గరికి వంగింది.

"నా తమ్ముడు నూహాను దూలానికి వేలాడదీసి కొట్టి చంపాడు. అడుగో, ఆ మూడో కుర్చీలోవాడు."

న్దెయ్ ఇంగ్లీషులో అంది: "తన సోదరుడు నిర్బంధంలో ప్రాణాలు కోల్పోయాడని ఈమె ఆరోపిస్తున్నారు."

రోడ్డు పక్కన పర్యాటకులకు సరుకు అమ్మి అమ్మి సిర్రాకు ఆ మాత్రం ఇంగ్లీషు వచ్చు. ఆమె న్దెయ్ వైపు తిరిగింది.

"కోల్పోయాడా? ప్రాణమేమన్నా చెప్పుల జతా, ఎక్కడో వదిలేసి రావడానికి? వీళ్ళు కొట్టి కొట్టి బయటికి లాగారమ్మా. నేనన్నది అను."

"అక్కా, ఇక్కడ ఒక పద్ధతుంటుంది..."

"అను."

న్దెయ్ మైకును తనవైపు లాక్కుంది. ఈసారి అన్నది అన్నట్టు చెప్పింది. తలుపు సంగతి, బెల్టు సంగతి, గోనెల సంగతి, ఆ ఉదయం బకావులో కడ్డీల సంగతి, అన్నీ ఒక్కొక్కటే బయటికొచ్చాయి. చివర సిర్రా తొమ్మిది పేర్లూ చెప్పింది. పేర్లకు అనువాదం అక్కర్లేదు గనక న్దెయ్ ఊరుకుంది. మంత్రి సీలింగు వైపు చూస్తున్నాడు. ఫాబురే మాత్రం ఆమెనే చూస్తూ, పాఠం అప్పజెబుతున్న పిల్లను విన్నట్టు తలాడిస్తున్నాడు.

విరామంలో అందరూ వరండాలోకి వచ్చారు. టీ బల్ల దగ్గర ఫాబురే నవ్వుతూ సిర్రాకు ఎదురొచ్చి, అందరూ చూస్తుండగా, పెద్దల్ని పలకరించినట్టు ఆమె ఎడమచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"చెయ్యి బాగా అతుక్కుందే," అన్నాడు మండింకాలో. విరిగిన వేళ్ళను మెల్లగా వెనక్కి వంచాడు. "నీ కూతురు పెద్దదయిందటగా. మడలో ఇంకా బోలెడంత చోటుంది, అమ్మాయ్."

బల్ల మీద వేడి టీ ఉన్న స్టీలు ఫ్లాస్కు ఉంది. సిర్రా కుడిచేత్తో దాన్నెత్తి అతని ముఖం మీద కొట్టింది. ముక్కు పగిలింది. మూత ఊడి మరిగే టీ అతని మెడ మీద, చొక్కా మీద కారింది. అతను మోకాళ్ళ మీద పడ్డాక మళ్ళీ కొట్టింది. పళ్ళు రెండు పాలరాతి నేల మీద దొర్లాయి. మూడోసారి చేయెత్తేలోపు కాపలావాళ్ళు ఆమెను కింద పడేసి వీపు మీద మోకాళ్ళు పెట్టారు. చెంప చల్లటి రాతికి ఆనించి, అతని మూలుగు వింటుంటే ఆమెకు ఒళ్ళంతా హాయిగా అనిపించింది. అంత హాయి కలిగినందుకు వెంటనే భయమూ వేసింది. ఫాబురే కూడా ఆ రోజు గోడౌనులోంచి ఇలాగే హాయిగా ఊపిరి పీల్చుకుంటూ బయటికి వెళ్ళి ఉంటాడు.

తర్వాత జరిగింది న్దెయ్ లాకప్పులో ఆమెకు చెప్పింది.

"మీ మంత్రి లేచి, 'ఇదీ ఈ మనుషుల నైజం. ఆమె చెప్పిందంతా రికార్డు నుంచి కొట్టేయండి' అన్నాడక్కా. అందరూ గుసగుసలు. మొలాపో అని ముసలి కమిషనరుంది చూడు, కళ్ళద్దాలావిడ, ఆవిడ అడిగింది: 'చెయ్యి చేసిన తప్పుకు చేతిని విచారించండి. నోరు చెప్పింది నిజమా కాదా, అది చెప్పండి' అని."

"ఏమన్నాడు?"

"ఏమంటాడు? కాలువలో ఎవరు దూకారు, ఆ ఇద్దరి పేర్లేమిటని ఆవిడ అడిగింది. పేర్లు తెలీవన్నాడు. నువ్వు చెప్పిన తొమ్మిదీ రికార్డులో ఉండిపోయాయి."

"వాణ్ణి కొట్టకుండా ఉండాల్సిందా, న్దెయ్?"

"లాయరుగా అడుగుతున్నావా, మనిషిగా అడుగుతున్నావా?" అని న్దెయ్ రొట్టె తుంచి ఇచ్చింది.

ఫాబురే కేసు పెట్టలేదు. పెడితే కోర్టుకు రావాలి, వస్తే ప్రశ్నలుంటాయి. మూడు వారాలకు సిర్రాను వదిలేశారు. ఆసుపత్రిలో తోంబోంగ్ కంటికి కట్టుతో కూర్చుని ఉన్నాడు. ఆ కన్ను ఇక రాదన్నారు.

"ఏడవకు," అన్నాడు. "సన్నేల ముఖాల్ని సగమే చూస్తే చాలు."

ఆమె ఏడుస్తూనే అతని భుజం మీద కొట్టింది.

మడ తవ్వించి శవాలను ఇళ్ళవాళ్ళకు అప్పగించాలని కమిషన్ కొన్ని నెలలకు రాసి పంపింది. ప్రభుత్వం ఉలకలేదు, పలకలేదు. సిర్రా కూతుర్ని న్దెయ్ ఇంట్లో ఉంచి, పడవెక్కి ఊరికి వెళ్ళింది. ఊళ్ళో ఆడవాళ్ళు రేడియోలో ఆ తొమ్మిది పేర్లూ విన్నారు. ఎవరూ ఎవర్నీ ఒప్పించాల్సిన అవసరం రాలేదు. నీళ్ళు వెనక్కి తీసే ఆటు వేళ చూసుకుని, పారలు తీసుకుని మడలోకి దిగారు. ఎప్పుడూ గుల్లలు దొరికే ఒక మలుపులో, గోనెలు అటే పోయాయని తెలిసి, రెండేళ్ళుగా ఎవరూ చేయి పెట్టడం లేదు. అక్కడే తవ్వారు.

మొదటి గోనె బయటపడేసరికి సైనికులొచ్చారు. సార్జంటు వెళ్ళిపొమ్మని అరిచాడు. గాల్లోకి కాల్చాడు. ఆడవాళ్ళు గుంట చుట్టూ బురదలో భుజం భుజం ఆనించి కూర్చున్నారు. తుపాకీ మడమలు వాళ్ళ తలల మీద, వీపుల మీద పడ్డాయి. ఫిలిజె అనే ముసలామె దవడ విరిగింది. ఆమె పక్కకు ఒరిగితే వెనకున్నామె ఆ చోట్లోకి వచ్చి కూర్చుంది. ఇంకో తూటా ఒకామె భుజంలోంచి దూసుకుపోయింది. ఆమె అరుస్తూనే పక్కామె నడుం పట్టుకుని కూర్చుంది. మధ్యలో, గుంటలో, సిర్రా మోకాళ్ళ మీద తవ్వుతూనే ఉంది. నెత్తి పగిలి రక్తం కళ్ళలోకి కారుతుంటే మోచేత్తో తుడుచుకుంటోంది.

"ఆపండే! మీకు పిచ్చా!" అని సార్జంటు గొంతు చించుకున్నాడు. అప్పటికి అతని మనుషుల్లో ఇద్దరు కొట్టడం మానేసి నిలబడ్డారు. ఒకడు బురదలో వాంతి చేసుకున్నాడు. పోటు నీళ్ళు బూట్లలోకి వస్తుంటే, పై నుంచి ఆజ్ఞ తెచ్చుకుంటానని సార్జంటు తన మనుషులతో వెనక్కి మళ్ళాడు.

నీళ్ళు నిండేలోపు ఏడుగురిని తీయగలిగారు. మణికట్ల ఎముకల చుట్టూ ఇంకా తీగ ఉంది. ఇద్దరు దొరకలేదు. దొరికినవాళ్ళలో ఎవరు ఎవరో చెప్పడానికి వీల్లేకపోయింది. సిర్రా ఒక్కొక్క పుర్రెనూ రెండు చేతుల్లోకి తీసుకుని చూసింది. ఏదీ నూహా కాదనిపించింది, అన్నీ నూహా అనిపించాయి. చివరికి ఏడుగురినీ ఒకే గొయ్యిలో పెట్టారు. తమ వాళ్ళు దొరకని ఇద్దరు తల్లులూ కూడా వచ్చి గుప్పెళ్ళతో మట్టి వేశారు. ఆ మధ్యాహ్నం ఫిలిజె దవడ కట్టుకుని, మాట రాక, సైగలతోనే అందరికీ అన్నం వడ్డించింది.